పదకొండు కుట్లు

బాలింత బట్టలు కొనేటప్పుడు అద్దం ముందు నిలబడి చూసుకుంటే ఏం లాభం? కూర్చుని చూడాలి. అదీ ఒంటిచేత్తో. ఈ మాట నాది కాదు, బోర్గిల్డ్‌ది. మా లీడాల్ లోయలో ముప్పై రెండేళ్లు నర్సుగా పసిపిల్లల తూకాలు వేశాను. పాలు పట్టడం గురించి ఆ తల్లులకు నేనే చెప్పేదాన్ని. పాలు పట్టడానికి వీలైన బట్టల గురించి అడిగితే మాత్రం, నోరు మూసుకుని బోర్గిల్డ్ దగ్గరికి పంపేదాన్ని.

ఆవిడ కుట్టుగది సహకార దుకాణం మేడ మీద. మెట్లెక్కి వచ్చిన పిల్లను ముందు కుర్చీలో కూర్చోబెట్టేది. ఎడమ చేతి మడతలో రెండు కిలోల పిండి సంచి పెట్టేది. "ఇప్పుడు తెరువు" అనేది. ఆ పిల్ల కుడిచేత్తో గుండీలతో కుస్తీ పడుతుంటే బోర్గిల్డ్ గోడ గడియారం వంక చూస్తూ, ఈపాటికి నీ పిండి ఏడ్చి ఊరు లేపేసేదమ్మా అనేది. తరవాత పని మొదలు. లోపలి ఉన్ని బనియను మెడ కిందికి లాగడానికి వీలుగా వెడల్పు చేసేది, పైన స్వెట్టరు పైకి జరపడానికి వీలుగా వదులు చేసేది. చలికి నడుమూ కనబడదు, ఎదా కనబడదు, మధ్యలో బిడ్డ నోటికి దారి దొరుకుతుంది. చిన్న గుండీలు పీకేసి టిచ్ బటన్లు కుట్టేది. పాల మరకలు తెలియకుండా గళ్ల బట్ట తీసుకోమనేది. రొమ్ముల మీద పెట్టుకునే ఉన్ని బిళ్లలు తనే అల్లి ఇచ్చేది, తడిసినా వెచ్చగానే ఉంటాయని. వీపు మీద జిప్పున్న గౌను వేసుకొచ్చిన బాలింతను చూస్తే ఆవిడకు ఒళ్లు మండిపోయేది.

ఇంత తెలిసిన మనిషి ఒక్క బట్ట దగ్గరికి వచ్చేసరికి మాత్రం రాయి. ఆ బట్ట బూనద్.

మే పదిహేడున, మా దేశపు జాతీయ పండగ నాడు, లోయలో ఆడవాళ్లందరం వేసుకునే పండగ బట్ట అది. నల్ల ఉన్ని పావడా, ఎర్ర రవిక, రవిక ముందు పూసల ఎదపట్టీ, లోపల తెల్ల నార చొక్కా, మెడ దగ్గర వెండి బిళ్ల. పెళ్లికీ అదే, బిడ్డ బాప్తిస్మానికీ అదే, చివరికి శవపెట్టెలో పడుకునేటప్పుడూ అదే. ఒక్కో లోయది ఒక్కో తీరు. మా లోయ గుర్తు పదకొండు కుట్లు. ఎదపట్టీని రవికకు రెండు పక్కలా కుట్టేస్తాం, పక్కకు పదకొండు చొప్పున. తొడుక్కోవడానికి చంక కింద హుక్కులుంటాయి. ముందు వైపు మాత్రం గోడే. పన్నెండు కుట్లు వేస్తే తప్పు, పది వేస్తే తప్పున్నర. ఊరేగింపులో కావలించుకునే వంకతో వంగి కుట్లు లెక్కపెట్టే పెద్దమ్మలు మాకు బోలెడుమంది.

వాటిని మొట్టమొదట లెక్కపెట్టింది బోర్గిల్డే. 1979లో లోయ ఆడవాళ్లంతా కలిసి, మరుగునపడిన మన బూనద్‌ను మళ్లీ కుట్టుకుందాం అని సంఘం పెట్టారు. నమూనాకి దొరికింది ఒకే ఒక్క పాత రవిక. అది మా చిన్న మ్యూజియంలో చెక్కబొమ్మకు తొడిగి ఉంది. బోర్గిల్డ్‌కి అప్పటికి ఇరవై నాలుగేళ్లు, కళ్లు చురుకు, చెయ్యి చురుకు. భూతద్దం పెట్టి ప్రతి కుట్టూ కాగితం మీద దించింది. ఉన్నది ఉన్నట్టు దించు, ఎందుకని అడక్కు అన్నారు పెద్దవాళ్లు. ఆవిడ అడగలేదు. ఆ కాగితమే ఇవాళ్టికీ మా నియమం. ఆ నియమానికి కాపలా కూడా ఆవిడే.

ఇక ఎల్డ్రి సంగతి. పోయిన ఏడాది ఫిబ్రవరిలో ఆమెకు మొదటి కొడుకు పుట్టాడు, అస్లాక్. నేను అప్పటికే రిటైరయ్యాను, కానీ చనిపోయిన వాళ్లమ్మ నా స్నేహితురాలు, అందుకని వెళ్లేదాన్ని. మొదటి ఆరు వారాలు ఆ పిల్ల పడ్డ బాధ పగవాళ్లకు కూడా వద్దు. చనుమొనలు పగిలాయి. రెండుసార్లు రొమ్ము గడ్డకట్టి ఒళ్లు కాలిపోయేంత జ్వరం వచ్చింది. వాడు పట్టుకోవడం చేతగాక ఏడిచేవాడు, ఆమె పట్టించడం చేతగాక ఏడిచేది. ఏడో వారంలో ఒక పొద్దున ఎలా కుదిరిందో కుదిరింది. వాడు గుటకలు వేస్తుంటే వంటింట్లో నాకు వినబడింది. కాఫీ కప్పు పట్టుకుని నేనూ ఏడ్చేశాను, సిగ్గులేకుండా.

అలాంటిది, ఏప్రిల్ చివర్లో వెళ్లేసరికి బల్ల మీద పాలపొడి డబ్బా, కొత్త సీసాలు. మొగుడు సీసా పట్టుకుని గదంతా తిరుగుతున్నాడు. అస్లాక్ దాన్ని నాలుకతో నెట్టేస్తూ గుక్కపెడుతున్నాడు. పాలు మానిపిస్తున్నానంది ఎల్డ్రి. నాకు చర్రుమంది. ఎందుకని గట్టిగానే అడిగాను.

"మే పదిహేడుకి అమ్మ బూనద్ వేసుకోవాలి. అందులో పాలు పట్టలేను కదా, తూరిడ్."

పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా చర్చి, ఊరేగింపు, ఉపన్యాసాలు, భోజనం. వాడు రెండు గంటలకోసారి తాగుతాడు, సీసా ముట్టడు. ఆ ఒక్కరోజు మామూలు బట్టల్లో వెళ్తే కొంపలేం మునిగిపోవే అన్నాను. ఎల్డ్రి లేచి బీరువా తెరిచింది. ఆ బూనద్ వాళ్లమ్మ రాగ్న మూడేళ్లు కుట్టింది. చివరి పూసలు ఆస్పత్రి మంచం మీద, చేతికి సెలైన్ సూది ఉండగా కుట్టింది. పదకొండో కుట్టు వేసిన వారానికి పోయింది. నాకు తెలియని సంగతేం కాదు, ఆ దారం సూదిలో ఎక్కించి ఇచ్చిందాన్ని నేనే.

"వీణ్ని అమ్మ చూడలేదు. కనీసం అమ్మ కుట్టినదాంట్లోనైనా వీణ్ని ఎత్తుకుని నడవాలి కదా. అది కూడా లేకపోతే నాకెవరున్నట్టు?"

నా కోపం ఎటు పోయిందో తెలియదు. అమ్మ బట్ట కావాలంటే బిడ్డ పాలు మానాలి, బిడ్డ పాలు కావాలంటే అమ్మ బట్ట బీరువాలో ఉండాలి. ఆ పిల్ల ముందున్నది అంతే. ముగ్గుర్నీ, అంటే ఆమెనూ వాణ్నీ బూనద్‌నూ, కారులో వేసుకుని బోర్గిల్డ్ దగ్గరికి తీసుకుపోయాను.

బోర్గిల్డ్ బూనద్ తొడిగించి చూసింది. రాగ్న చేతిపని చూసి మెచ్చుకుంది, భుజం దగ్గర సర్దింది. ఎడమ పక్క పదకొండు కుట్లూ విప్పి హుక్కులు పెట్టమని నేను అడిగాను. చేతిలో సుద్దముక్క కింద పెట్టేసి, కుదరదు అంది. నేను వాదించాను. అది నమూనాలో లేదంది. ఇంతలో అస్లాక్ ఏడుపందుకున్నాడు. వాడి గొంతు వినగానే ఎల్డ్రికి పాలు చేపుకొచ్చి చొక్కా తడిసి, పూసల పట్టీ మీదికి మరక పాకింది. చంక కింద హుక్కుల కోసం ఆమె వెతుక్కుంటోంది. నేను విప్పి రవిక తీసేసరికి వాడు నీలంగా అయిపోయాడు. బోర్గిల్డ్ మాత్రం కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఒక్కసారి కూడా ఇటు చూడలేదు.

వాడికి పాలు పట్టి, తడిసిన బూనద్‌ను తువ్వాలులో చుట్టుకుని ఎల్డ్రి కిందికి దిగిపోయింది. నేను ఆగాను. బోర్గిల్డ్‌ను నానా మాటలూ అన్నాను. పిండి సంచికి ఉన్న విలువ బిడ్డకు లేదా అన్నాను. నలభై ఏళ్ల స్నేహంలో అన్నేసి మాటలు ఎప్పుడూ అనలేదు. ఆవిడ అన్నీ విని, కుర్చీలో కూలబడింది.

"నా గున్‌వోర్ బాప్తిస్మం గుర్తుందా నీకు?"

గుర్తుండే వీలే లేదు. నేను అప్పటికి ఈ లోయకు రాలేదు. ఆవిడే చెప్పింది. కొత్త నమూనాలో కుట్టిన మొట్టమొదటి బూనద్ ఆవిడదే. కూతుర్ని ఎత్తుకుని అందులోనే చర్చికి వెళ్లింది. ప్రార్థన మధ్యలో పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. పక్కగదిలోకి తీసుకెళ్లారు. చంక కింద కొత్త హుక్కులు బిగుసుకుపోయి రాలేదు. పాస్టరుగారి భార్య కత్తెర తెచ్చిచ్చింది.

"వద్దన్నాను. లోయంతా బయట కూర్చుని ఉంది, మొదటి బూనద్ అది. చెంచాతో పంచదార నీళ్లు పోశాను. ఆ పిల్ల ఏడుస్తుంటే నేనేం చేశానో తెలుసా? కుట్లు లెక్కపెట్టుకున్నాను, పదకొండూ ఉన్నాయా లేదా అని."

ఆ రాత్రే జ్వరం వచ్చిందట. రొమ్ముకు చీము పట్టి కోయాల్సి వచ్చిందట. పాలు ఎండిపోయాయి. గున్‌వోర్ సీసాతోనే పెరిగింది, బాగానే పెరిగింది. ఆ కుట్లు తప్పైతే నా బిడ్డను నేను ఎందుకు ఏడిపించినట్టు అని అడిగింది బోర్గిల్డ్.  ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, కాసేపు ఉండి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే ఫోను చేసింది. మ్యూజియం తాళంచెవి ఉంది, కారు తీసుకురా అంది. ఎందుకని అడిగితే, ఎందుకని ఒకసారి అడగాలనుంది అంది.

మ్యూజియం అంటే పాత ధాన్యపు కొట్టు. మే నుంచి ఆగస్టు దాకా తెరుస్తారు, మిగతా రోజులు ఎలుకలదే రాజ్యం. చెక్కబొమ్మ మీంచి రవిక తీసి కిటికీ దగ్గర బల్ల మీద పరిచాం. బోర్గిల్డ్ కళ్లజోడు మీద భూతద్దం పెట్టింది. ఒక్కో కుట్టూ మళ్లీ మొదట్నుంచీ చూసింది. నాకు చలికి కాళ్లు గడ్డకట్టాయి.

"రవికంతా చేత్తో వడికిన నార దారం. ఎడమ పక్క ఈ పదకొండూ మాత్రం రీలు దారం. మిషన్ కుట్టుకు అమ్మేది. అప్పుడూ చూశాను, తూరిడ్. ఎవరో తరవాత బాగుచేసి ఉంటారులే అనుకున్నాను."

ఎడమ పక్క పట్టీ అంచును గోరుతో ఎత్తింది. కింద వరసగా అయిదు తుప్పు చుక్కలు. వాటికి ఎదురుగా రవిక అంచున అయిదు చోట్ల గుడ్డ అరిగిపోయి ఉంది. అక్కడ హుక్కులుండేవని చెప్పడానికి దర్జీయే అక్కర్లేదు. అప్పుడు నాకు ఇంకోటి తట్టింది. మన రవికలకు చంక కింద హుక్కులున్నాయి కదా, దీనికేవి అన్నాను. లేవు. పాత రవిక చంక కింద తెరుచుకోదు. ఆ రోజుల్లో ఆడవాళ్లు సన్నగా ఉండేవాళ్లు, తల మీంచి దూర్చుకునేవాళ్లు అని అప్పట్లో పెద్దవాళ్లు తేల్చేశారట. అలా తేల్చి, మనకు పట్టదని చంక కింద కోసి హుక్కులు పెట్టారట. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నాకు నవ్వు ఆగలేదు.

రవికను లోపలి వైపుకి తిరగేశాను. లోపలి గుడ్డ మీద రెండు గుండ్రటి మరకలు, అంచులు పసుపుపచ్చగా, ముట్టుకుంటే బిరుసుగా. ముప్పై రెండేళ్లు చూశాను ఆ మరకను. ఎన్ని వందల చొక్కాల మీద చూశానో. పేరు తెలియని ఆ బాలింత నా ఎదురుగా కూర్చున్నట్టే అనిపించింది.

మ్యూజియం కాగితాల పెట్టెలో ఆ రవిక తాలూకు అట్టముక్క ఉంది. ముందు వైపు వివరాలు అందరం చదివినవే. బోర్గిల్డ్ దాన్ని వెనక్కి తిప్పింది. మ్యూజియం పెట్టిన బడిపంతులు రాత, పెన్సిలుతో: "ఎదపట్టీ జారి పడిపోతోంది, హుక్కులు పనికిరావడం లేదు. బొమ్మ మీద నిలవడానికి మా ఆవిడ చేత కుట్టించాను. జూన్ 1956." ఆ అట్టను తిప్పి చూసిన మనిషి ఇన్నేళ్లలో ఒక్కరూ లేరు.

నా నవ్వు ఆగిపోయింది. బోర్గిల్డ్ ఏడుస్తోంది. చప్పుడు లేకుండా, అట్టముక్క తడవకుండా దూరంగా పట్టుకుని మరీ ఏడుస్తోంది.

ఆ మరుసటి వారమే సంఘం సమావేశం. అధ్యక్షురాలు యోరున్. మంచి మనిషే, కాకపోతే కాగితంలో లేనిది కళ్లకు కనబడదు. బోర్గిల్డ్ లేచి, రవికనూ అట్టముక్కనూ బల్ల మీద పెట్టి, తప్పు నాదే, దించింది నేనే అని చెప్పింది.  యోరున్ అట్టను రెండుసార్లు చదివింది. ఎలా మొదలైతేనేం, నలభై ఐదేళ్లుగా వేసుకుంటున్నాం, ఇప్పుడు అదే మన సంప్రదాయం, రెండు వందల అరవై రవికలున్నాయి లోయలో అంది. నిజం చెప్పొద్దూ, ఆ మాటలో పస లేకపోలేదు. గదిలో చాలామంది తలలూపారు.

"ఆ కుట్లు చెక్కబొమ్మ కోసం వేసినవి, యోరున్. బొమ్మకు పిల్లల్లేరు. మనకున్నారు."

బోర్గిల్డ్ ఆ మాట అని కూర్చుంది. యోరున్ కాఫీ కలుపుకుంటూ, విషయాన్ని శరదృతువు సమావేశానికి వాయిదా వేద్దామంది. సంఘాలంటే అంతే కదా. వాయిదా పడింది. మే పదిహేడుకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

బయటికొచ్చాక ఏం చేద్దామని అడిగాను. శరదృతువుకి అస్లాక్‌కి పళ్లొస్తాయి, వాడు అప్పటిదాకా ఆగుతాడా అంది. తిన్నగా ఎల్డ్రి ఇంటికి వెళ్లి తలుపు తట్టింది. క్షమించమని అడగడం ఆవిడకు చేతకాదు. బూనద్ పట్రా అంది, అంతే.

కుడి పక్క రాగ్న వేసిన పదకొండు కుట్లనూ ముట్టుకోలేదు. ఎడమ పక్కవి ఒక్కొక్కటే విప్పి, ఆ దారం ముక్కల్ని చిన్న గుడ్డసంచిలో వేసి పావడా జేబులో కుట్టేసింది. అయిదు హుక్కులు పెట్టింది, పాత రవికకు ఎక్కడున్నాయో సరిగ్గా అక్కడే. నార చొక్కా చీలికను నడుము దాకా పొడిగించింది. పాల మరక పూసల మీంచి పోయింది, గుడ్డ మీద కొంచెం ఉండిపోయింది. ఉండనీ అంది ఎల్డ్రి. తరవాత కుర్చీలో కూర్చోబెట్టి, పిండి సంచి బదులు అస్లాక్‌నే చేతిలో పెట్టి, "ఇప్పుడు తెరువు" అంది. ఎల్డ్రి బొటనవేలితో పై హుక్కు తోసింది, మిగతావి వాటంతటవే ఊడాయి. వాడు ఏడుపు మొదలుపెట్టేలోపే నోరు నిండిపోయింది. బోర్గిల్డ్ గడియారం చూడటం కూడా మరిచిపోయింది. పాలపొడి డబ్బాను నేను మా ఇంటికి తెచ్చేసుకున్నాను, కాఫీలోకి పనికొస్తుందని.

మే పదిహేడున పొద్దున్నుంచీ ముసురు. బ్యాండు మేళం, జెండాలు, ఐస్‌క్రీమ్ కారుతున్న చేతులతో పిల్లలు, అన్నీ వానలోనే. ఎల్డ్రి అమ్మ బూనద్‌లో కొడుకును ఎత్తుకుని ముందు వరసలో నడిచింది. ఉపన్యాసం సగంలో ఉండగా అస్లాక్ రాగం తీశాడు. ఆమె జెండా కర్ర పక్కన బల్ల మీద కూర్చుంది, ఒంటిచేత్తో తెరిచింది. చుట్టూ మెడలు తిరిగాయి. యోరున్ ఆ వరసలోంచే లేచి వచ్చింది.  ఆవిడ వంగి, అలవాటు చొప్పున కుడి పక్క లెక్కపెట్టింది. "పదకొండున్నాయి" అంది. ఎడమ పక్కకు చూడనే లేదు. తన గొడుగును తల్లీబిడ్డల మీదికి వంచి, ఉపన్యాసం అయ్యేదాకా అలాగే నిలబడింది, సగం తను తడుస్తూ.

భోజనాల దగ్గర బోర్గిల్డ్ పక్కన కూర్చున్నాను. అప్పుడు చూశాను, ఆవిడ రవిక ఎడమ పక్కన కూడా అయిదు హుక్కులు. డెబ్బై దగ్గరపడ్డాక నీకెందుకే హుక్కులు, ఎవడికి పాలు పడతావ్ అని వేళాకోళం ఆడాను. ఆవిడ నవ్వలేదు. ఎదురుగా కూర్చున్న కూతురు గున్‌వోర్ వంక చూసింది. గున్‌వోర్ బెర్గెన్‌లో ఉంటుంది, ఏటా ఈ రోజుకి మాత్రం తప్పకుండా వస్తుంది.

"నీ బాప్తిస్మం రోజు నువ్వు ఆకలికి ఏడుస్తుంటే నా చేతికి కత్తెర ఇచ్చారు. నేను తీసుకోలేదు."

"అవన్నీ నాకేం గుర్తుంటాయే అమ్మా."

"నాకు గుర్తుంది."

గున్‌వోర్ చేతిలోని చెంచా మీగడ జావలో పెట్టేసింది.  తరవాత లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి, తల్లి పక్కన కూర్చుని తన రవిక ఎడమ పక్క ఆవిడ వైపు తిప్పింది. కత్తెర తెచ్చావా అని అడిగింది. బోర్గిల్డ్ నడుము సంచిలో కత్తెర లేని రోజెప్పుడు?

అక్కడే, అందరి మధ్యా, బోర్గిల్డ్ ఒక్కో కుట్టూ కత్తిరించడం మొదలుపెట్టింది. నేను పైకే లెక్కపెట్టాను. పక్క బల్లల వాళ్లూ నాతో అందుకున్నారు. పది దాకా ఆవిడ చెయ్యి ఆగలేదు. పదకొండో దాని దగ్గర ఆగిపోయింది. గున్‌వోర్ ఆ చేతిని తన చేత్తో పట్టుకుని, తనే కత్తెర నొక్కింది.